అన్నం ఎడమ, చారు కుడి

ఏప్రిల్ 3, బుధవారం

ఈ రోజు దాన్ని చూశాను.

తొమ్మిదేళ్ళ తర్వాత. అంగుక్ స్టేషన్ ఆరో ఎగ్జిట్ దగ్గర, మధ్యాహ్నం రెండు దాటాక. పక్కన ఎవరో కొత్త పిల్ల, చేతిలో మడతపెట్టిన మ్యాప్. దాని జుట్టు తెల్లబడింది. నడక మాత్రం మారలేదు. ఎవరి చెవిలోనో రహస్యం చెప్పబోతున్నట్టు ఎడమ భుజం కిందికి వాల్చి నడుస్తుంది. ఆ భుజాన్ని నేను ఎన్నేళ్ళకైనా గుర్తుపడతాను.

గ్వాక్. అప్పట్లో అదే పేరు చెప్పుకుంది. ఇప్పుడేం చెప్పుకుంటోందో.

అది నన్నూ చూసింది. నన్ను కాదు, ఎర్ర కోటుని. ఎర్ర కోటు, ఎర్ర టోపీ పెట్టుకుని సియోల్ వీధుల్లో టూరిస్టులకి దారి చెప్పే మనిషిని ఎవరూ మొహంలోకి చూడరు. మర్యాదగా తల వంచి వెళ్ళిపోయింది. నేనూ వంచాను. డ్యూటీలో ఉన్నాను మరి.

ఇంటికొచ్చాక ఆ వంచిన తలని గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఏప్రిల్ 4, గురువారం

నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 6, శనివారం

రాసి పారేస్తే తప్ప ఇది లోపల ఉడుకుతూనే ఉంటుంది. అందుకని మొదటినుంచీ రాస్తాను.

నా చెల్లెలు నరే. నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. నాన్న పోయాక అమ్మ నూడుల్స్ కొట్టు పెట్టింది, నేను జపాన్‌లో ఒసాకా వెళ్ళి హోటల్ గదులు తుడిచాను, ఇద్దరం కలిసి దాన్ని చదివించాం. ప్రభుత్వ ఉద్యోగం పరీక్ష మూడోసారి పోయిన రోజు, రిజల్ట్ చూసుకుని ఇంటికొస్తుంటే, సబ్‌వే మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆపారట. నీ మొహంలో ఎంత కళ ఉందమ్మా, కానీ పోయిన మీ పెద్దలెవరో దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు, అన్నారట. ఆ పూట మొహం బాగుందని కుక్క చెప్పినా నరే దాని వెంట వెళ్ళేది. వీళ్ళ వెంట వెళ్ళింది. ఆ ఇద్దరిలో ఒకతె గ్వాక్.

పోయినవాళ్ళ పేరు కాగితం మీద రాసి, దాని ముందు భోజనం పెట్టి దండాలు పెట్టించారు. మా ఇళ్ళలో అందరం చేసేదే, దాన్ని జేసా అంటాం. మనవాళ్ళకి మనం పెట్టుకునే ఆ కూడుని వాళ్ళు వలగా వాడతారు.

గ్వాక్ ఒకసారి మా ఇంటికీ వచ్చింది. అమ్మ చేత్తో కోసిన నూడుల్స్ రెండు గిన్నెలు తిన్నది. అమ్మ మొహంలో కూడా కళ ఉందంది. ఏ వంశం అని అడిగింది. హమ్‌ప్యొంగ్ మో వాళ్ళం అని అమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. అరుదైన వంశమే, అంది గ్వాక్. మూడు నెలలకి నరే ఒక సూట్‌కేసుతో వెళ్ళిపోయింది.

అమ్మా నేనూ అప్పట్లో వాళ్ళుండే ఇంటి తలుపు దాకా వెళ్ళాం. గ్వాక్ గొలుసు తియ్యకుండా జానెడు సందులోంచి చూసింది. మా పిల్ల ఎక్కడ అని అడిగింది అమ్మ. తను బాగుందమ్మా, తనంతట తానే వచ్చింది, అని తలుపేసింది. అమ్మ తెచ్చిన కూరల డబ్బా గుమ్మం ముందు పెట్టి వచ్చేశాం.

అమ్మ పోయి ఐదేళ్ళవుతోంది. పెద్దలకి పెట్టుకునే ఛూసొక్ పండుగకి ఎనిమిది రోజుల ముందు పోయింది.

గ్వాక్ మోకాళ్ళు మా అమ్మ ముందు నేలకి ఆనాలి. నుదురు కూడా. నాకింకేం వద్దు.

ఏప్రిల్ 11, గురువారం

సొక్ మాస్టారితో షిఫ్ట్. ఆయన ముప్పై ఏళ్ళు స్కూల్లో చైనీస్ చెప్పి రిటైరయ్యారు. చైనీస్ మాట్లాడేవాళ్ళు ఆయనకి, జపాన్ వాళ్ళు నాకు.

గ్వాక్ ఎలా పనిచేస్తుందో వారం నుంచి చూస్తున్నాను. గుంపుల జోలికి పోదు, జంటల జోలికి పోదు. ఒంటరిగా, మెల్లగా నడిచేవాళ్ళు కావాలి. నడుస్తూ పైకి చూసేవాళ్ళు, ఒకే దుకాణం ముందు రెండుసార్లు ఆగేవాళ్ళు కావాలి. ముందు పక్కనున్న పిల్ల వెళ్ళి దారి అడుగుతుంది. దారి అడిగేవాళ్ళని చూసి ఎవరు భయపడతారు. అప్పుడు గ్వాక్ వచ్చి, అబ్బ, ఈ మొహం చూడవే అంటుంది. పట్టుబట్టలు కడతాం, ఫోటోలు తీస్తాం, మా పద్ధతిలో పెద్దలకి దండం పెట్టుకోవచ్చు, అంతా ఫ్రీ అంటుంది. సొంత ఊరివాళ్ళు తెలివిమీరారని కాబోలు, ఇప్పుడు టూరిస్టుల మీద పడ్డారు.

ఒళ్ళు మండేదేంటంటే, నేనూ వాళ్ళకోసమే చూస్తాను. దారి తప్పిన మనిషిని వాళ్ళు అడక్కముందే గుర్తుపట్టాలని ట్రైనింగ్‌లో నేర్పారు. నా కళ్ళూ దాని కళ్ళూ ఒకే మనిషి మీద పడతాయి. ఎవరు ముందు చేరితే వాళ్ళది. ఇవాళ మూడుసార్లు నేనే ముందు చేరాను. మూడో ఆయన దారి తప్పలేదు, ఎవరికోసమో ఆగాడంతే. అడక్కుండా చేతిలో మ్యాప్ పెట్టేసరికి బిత్తరపోయాడు.

మేం పంచే కాగితంలో జాగ్రత్తలు ఉంటాయి. బ్యాగ్ ముందుకి వేసుకోండి, టాక్సీ నంబర్ ఫోటో తీసుకోండి, ఇలా. మీ మొహం బాగుందన్నవాళ్ళ వెంట వెళ్ళకండి అని ఎక్కడా లేదు. ఆ ఒక్క ముక్కా కలపమని టీమ్ లీడర్‌ని అడిగాను. అతిథుల్ని భయపెడతామా ప్యో గారూ, ఎవరైనా మొహం బాగుందంటే సంతోషించాలి గానీ, అని నవ్వింది.

మన ఇద్దరినీ ఎవరూ ఆపరు లెండి, మొహాలు అలాంటివి, అన్నారు మాస్టారు నన్ను ఓదార్చడానికి.

ఏప్రిల్ 19, శుక్రవారం

గ్వాక్ ఒకరిని పట్టేసింది. నిన్న, నేను ఆఫ్‌లో ఉన్న రోజున.

ఇవాళ మధ్యాహ్నం ఒక పిల్ల మా ముందుకొచ్చి నిలబడింది. ఏదో అడగబోయి ఏడ్చేసింది. పేరు పేజున్. తైవాన్‌లో కావోష్యుంగ్ నుంచి వచ్చింది, ఒక్కతే. మాస్టారు టీ కొనిచ్చి, నెమ్మదిగా ఒక్కొక్క ముక్కా చెప్పించారు. ఫ్రేములు కట్టే దుకాణం పక్క సందులో రెండో అంతస్తుకి తీసుకెళ్ళారట. బట్టలు కట్టారు, ఫోటోలు తీశారు. తర్వాత మీ ఇంట్లో ఎవరు పోయారని అడిగి, వాళ్ళ తాతయ్య పేరు కాగితం మీద రాసి, దండాలు పెట్టించి, ఆ కాగితం కాల్చారు. బూడిద పైకి లేవలేదు చూశావా, మీ తాతకి శాంతి లేదు అన్నారట. ఇక్కడే ఉండి వంద రోజులు ప్రార్థన చెయ్యకపోతే మీ అమ్మ మంచం పడుతుందన్నారట. పర్సులో ఉన్నదంతా ఆ పిల్లే తీసి ఇచ్చింది.

ఏడుపు డబ్బు గురించి కాదు. నిన్నటినుంచి గంటకోసారి వాళ్ళ అమ్మకి ఫోన్ చేస్తోంది. మా ముందు మళ్ళీ చేసింది. అవతల ఆవిడ ఏదో వేయిస్తోంది, గరిటె చప్పుడు వినిపించింది. నీకేమైనా పిచ్చిపట్టిందా, నేను బానే ఉన్నా, సరిగ్గా తిను ముందు, అని తిడుతోందని మాస్టారు నాకు చెప్పారు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి, నిజంగా బాగుందంటారా అని మమ్మల్ని అడిగింది. మనం ఇక్కడి నుంచి ఏం చెప్పగలం.

పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి అబ్బాయి మర్యాదస్తుడే. అంతా రాసుకున్నాడు. కానీ ఎవరూ బలవంతం చెయ్యలేదు కదమ్మా, తనంతట తానే వెళ్ళింది కదా, అన్నాడు. తనంతట తానే. ఆ మాట ముందే విన్నాను, గొలుసు సందులోంచి.

అయితేనేం, గ్వాక్ ఇప్పుడుండే ఇల్లెక్కడో తెలిసింది.

ఏప్రిల్ 27, శనివారం

నేనే టూరిస్టునవుతాను.

ఒసాకాలో పుట్టి పెరిగిన కొరియా మనిషిని, మొదటిసారి పెద్దల దేశం చూడ్డానికి వచ్చాను. ఆ యాస నాకు కొట్టినపిండి. ఎనిమిదేళ్ళు విన్నాను. కోటు తీసేస్తే గ్వాక్ నన్ను గుర్తుపట్టదు. పెద్దలకి పెట్టిస్తుంది. ఏ వంశం అని అడుగుతుంది. హమ్‌ప్యొంగ్ మో అంటాను. అమ్మ పేరు కాగితం తన చేత్తోనే రాస్తుంది, దండం ఎలా పెట్టాలో తెలీదంటే దాని ముందు తనే వంగి చూపిస్తుంది. నుదురు నేలకి ఆన్చి లేచాక నేనెవరో చెప్తాను. అప్పుడు దాని మొహంలో ఎంత కళ ఉంటుందో చూడాలి.

మాస్టారికి చెప్పాను. ఆయన తన పాత ఫోన్ ఇచ్చారు. బ్యాగ్‌లో పెట్టుకుని రికార్డ్ చెయ్యండి, పగ మీకు పనికొస్తుంది, రికార్డు ఆ పేజున్ లాంటి పిల్లలకి పనికొస్తుంది, అన్నారు. మీ నడక మాత్రం మార్చాలి ప్యో గారూ, డిస్కౌంట్ సేల్‌కి పోతున్నట్టు నడుస్తారు, ఏ దొంగా మీ వెనక పరిగెత్తలేడు, అన్నారు.

సాయంత్రం వీధిలో మెల్లగా నడవడం ప్రాక్టీస్ చేశాను. పైకి చూస్తూ నడిచి ఒక సైకిలాయన చేత తిట్లు తిన్నాను.

ఏప్రిల్ 30, మంగళవారం

మాస్టారు మామూలుగానే అడిగారు. అమ్మగారు పోయిన సంగతి మీ చెల్లెలికి తెలుసా అని. దాని నంబర్ లేదండీ, ఎక్కడుందో తెలీదు, అన్నాను.

అబద్ధం. ఎవరూ చదవని చోటైనా నిజం రాయాలి.

నంబర్ లేని మాట నిజమే. కానీ నరే ప్రతి ఛూసొక్‌కి పొద్దున్నే ఫోన్ చేస్తుంది. ఏదో నంబర్ నుంచి, రెండు నిమిషాలు. దక్షిణాన ఏదో కొండ ఊళ్ళో సెంటర్‌లో ఉన్నానని ఒకసారి చెప్పింది. అమ్మ పోయిన ఎనిమిదో రోజు కూడా చేసింది. అక్కా, అమ్మ ఎలా ఉంది, అంది.

బాగానే ఉంది అన్నాను. నీ మీద కోపంగా ఉంది, మాట్లాడదట, అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. వచ్చాక మాత్రం బాగుంది. మరుసటేడూ అదే చెప్పాను. ఆ తర్వాతా అదే. ఐదు పండుగలు. ఇంకా కోపమేనా అక్కా, అని పోయినేడు అడిగింది. ఇంకానే అన్నాను.

మంచాన పడ్డ మూడు నెలలూ అమ్మకి అన్నం తినిపించింది నేను. పక్క మార్చింది నేను. అమ్మ పిలిచింది నరేని. నోట్లో ముద్ద పెడుతుంటే నా మొహంలోకి చూసి, నరే, అనేది. నేను పలికేదాన్ని.

గ్వాక్ మీద పగ అనే రాస్తూ వచ్చాను. ఉంది. కానీ దాంట్లో సగం వాటా నరేది.

మే 7, మంగళవారం

ఆఫ్. టోపీ, కళ్ళద్దాలు, మెడలో కెమెరా. రెండు గంటలు తిరిగాను. గ్వాక్ దగ్గరగా వచ్చి, నా మొహం చూసి, పక్కకెళ్ళిపోయింది. కళ లేదు కాబోలు.

మే 12, ఆదివారం

తప్పెక్కడో తెలిసింది. నేను దాన్ని వెతుకుతున్నట్టు నడిచాను. దారి తప్పినవాళ్ళు ఎవరినీ వెతకరు.

మే 14, మంగళవారం, సాయంత్రం 6

టోపీ కూడా తియ్యలేదు. ముందు ఇది రాస్తాను.

ఈసారి నేను గ్వాక్ గురించి కాకుండా అమ్మ గురించి ఆలోచిస్తూ నడిచాను. పది నిమిషాలు పట్టలేదు. ఆ పిల్ల వచ్చి దారి అడిగింది. తర్వాత గ్వాక్. మీ మొహంలో ఎంత కళ ఉందమ్మా. తొమ్మిదేళ్ళలో ఒక్క ముక్క కూడా మార్చుకోలేదు. నేను నోరు తెరిచి, ఒసాకా యాసలో, నిజంగానా అన్నాను. సిగ్గుపడ్డాను కూడా. నిజంగానే కొంచెం సంతోషం వేసింది, అదీ రాసుకోవాలి. నా మొహం గురించి ఎవరైనా మంచిమాట అని ఎన్నేళ్ళయిందో.

రెండో అంతస్తు. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల ఫోన్ బుట్టలో వెయ్యమన్నారు, ఆత్మలకి ఫోన్లు పడవట. నాది వేశాను. మాస్టారిది బ్యాగ్ అడుగున తిరుగుతోంది. టీ ఇచ్చారు, బట్టలు కట్టారు. ఎక్కడ దిగారు, ఎన్నాళ్ళుంటారు, ఇంట్లో ఎవరెవరు అని గ్వాక్ ప్రేమగా అడిగింది. హోటల్ ఖాళీ చేసి ఇక్కడికే వచ్చెయ్యమ్మా, ఒంటరి ఆడదానివి, బయట ఎంత ప్రమాదం, అంది. ఫోన్ కూడా మా దగ్గరే ఉంచు, మనసు చెదరకుండా ఉంటుంది. వంద రోజులు చాలు. లేకపోతే పోయినవాళ్ళు నీ పిల్లల మీద కూర్చుంటారు. అన్నీ బ్యాగ్ వింటోంది.

ఎవరు పోయారు అంది. అమ్మ అన్నాను. ఏ వంశం అంది. దాని కళ్ళలోకి చూస్తూ హమ్‌ప్యొంగ్ మో అన్నాను.

బ్రష్ పెన్ను ఆగలేదు. అరుదైన వంశమే, అంది. అంతే. రెండు గిన్నెలు తిన్నది, గొలుసు సందులోంచి ఆ ముసలామెని చూసి తలుపేసింది, ఏమీ గుర్తులేదు. మేం దానికి ఎన్నో ఇంటివాళ్ళమో ఏమో.

పెళ్ళయినా మారని అమ్మ పుట్టింటిపేరు మో. చైనా లిపిలో ఆ అక్షరం కింద ఆవు అనే అక్షరం ఉంటుంది. పిండి చల్లిన బల్ల మీద వేలితో రాసి నరేకి నేర్పేది. మన అక్షరంలో ఆవుందే, అందుకే మనకి చాకిరీ తప్పదు, అనేది. గ్వాక్ ఆ ఆవుని చక్కగా రాసింది. చేతిరాత బాగుంటుంది దానిది, పాడుముండ.

బల్ల మీద పళ్ళు, చేప, అన్నీ సర్ది ఉన్నాయి. వేడి అన్నం, చారు వస్తున్నాయి, ఈలోపు మీ తరఫున నేను ముందు దండం పెడతాను, అంది. నేను అడగనైనా లేదు. ముందు కుడి మోకాలు ఆన్చింది. తర్వాత ఎడమది. రెండు చేతులు. తల. దాని పాపిట్లో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నుదురు నేలకి ఆనింది, మా అమ్మ కాగితం ముందు.

అప్పుడే పక్క తలుపు జరిగింది. పళ్ళెం పట్టుకుని నరే వచ్చింది.

కొండ ఊరు లేదు, దక్షిణం లేదు. నా డ్యూటీ వీధికి ఐదు నిమిషాల దూరంలో, ఆ వంటగదిలో ఉంది. బాగా చిక్కిపోయింది. చేతులు నీళ్ళలో నాని పగిలి ఉన్నాయి. నన్ను చూడలేదు. వంచిన తల వంచినట్టే వచ్చి అన్నం పెట్టింది, చారు పెట్టింది, పోయినవాళ్ళకి పెట్టే పద్ధతిలో. బతికున్నవాళ్ళకి అన్నం ఎడమ, చారు కుడి. పోయినవాళ్ళకి తిరగేసి పెడతాం. చిన్నప్పుడు ఇంట్లో భోజనానికి నరే మరిచిపోయి తిరగేసి పెడితే, నన్ను అప్పుడే పంపేస్తావా అని అమ్మ చేతి మీద ఒక్కటేసేది.

చెంచా సర్దుతూ కాగితం చూసింది. ఆవుని చూసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. టోపీ, కళ్ళద్దాలు, పట్టుబట్టలు. ఒక్క క్షణం కూడా పట్టలేదు గుర్తుపట్టడానికి.

అన్నం గిన్నె తీసి ఇటు పెట్టింది. చారు గిన్నె అటు. నెమ్మదిగా, ఒలక్కుండా. అమ్మ తినడానికి కూర్చుందన్నట్టు పెట్టింది.

గ్వాక్ తల ఎత్తింది, గిన్నెలు చూసింది. ఏంటే ఇది, తొమ్మిదేళ్ళుగా చేస్తున్నావ్, గిన్నెలు ఎటు పెట్టాలో తెలీదా, అంది. నరే దానికి చెప్పలేదు. నా మొహం చూస్తూ చెప్పింది. ఈవిడ పోలేదండీ. పోయిన ఛూసొక్‌కి మా అక్క చెప్పింది. నా మీద కోపంగా ఉందట, ఇంకా మాట్లాడనందట. పోయినవాళ్ళకి కోపం ఎలా వస్తుంది.

తొమ్మిదేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగిన మాటలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో లేని మాట ఒకటి చెప్పాను. అమ్మ పోయి ఐదేళ్ళయిందే, అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. నరేకి వినపడింది.

కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. ఖాళీ పళ్ళెం తీసుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపు జరిపేసింది. గ్వాక్ నన్నూ ఆ తలుపునీ మార్చి మార్చి చూసి, నూడుల్స్ ఆవిడ కూతురివా, అంది. అప్పుడు గుర్తొచ్చింది దానికి. నేను దాని మొహంలోకి చూడలేదు.

పట్టుబట్టలు విప్పేసి, బుట్టలో నా ఫోన్ తీసుకుని, మెట్లు దిగేముందు గుమ్మం దగ్గర చెప్పులన్నీ చూశాను. వాటిలో నరేవి ఏవో తెలియలేదు.

మే 15, బుధవారం

జ్వరమని సెలవు పెట్టాను.

మే 17, శుక్రవారం

రికార్డింగ్ మాస్టారూ నేనూ కలిసి విన్నాం. హోటల్ ఖాళీ చెయ్యమనడం, ఫోన్ ఇచ్చెయ్యమనడం, పిల్లల మీద కూర్చుంటారని బెదిరించడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. తర్వాత గిన్నె శబ్దం. తర్వాత నరే గొంతు.

మాస్టారు ఫోన్ ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇది పోలీసులకి ఇవ్వాలా వద్దా మీ ఇష్టం ప్యో గారూ, ఇస్తే వాళ్ళూ చివరిదాకా వింటారు, అన్నారు. చివరి ముక్క కత్తిరించడం నాకు చేతకాదు, అని కూడా అన్నారు. చేతనవునని నాకు తెలుసు.

వెళ్ళి ఇచ్చాను. అదే అబ్బాయి. చివరిదాకా విన్నాడు. విన్నాక, సంతకం పెట్టండమ్మా అన్నాడు, తల ఎత్తకుండా.

పేజున్ కూడా కావోష్యుంగ్ నుంచి తన మాట రాసి పంపింది. వాళ్ళమ్మ బాగుందట. మాస్టారు చదివి వినిపించారు.

జూన్ 5, బుధవారం

రెండో అంతస్తుకి తాళం పడింది. ముగ్గురిని పట్టుకెళ్ళారు, ఇద్దర్ని వదిలేశారు. టీమ్ లీడర్ పిలిచి, మీరు చెప్పిన ఆ ముక్క కొత్త కాగితంలో వేయిస్తున్నాం, ఎలా రాయమంటారు, అంది. మీ మొహాన్ని మెచ్చుకునేవాళ్ళ వెంట వెళ్ళకండి అని చెప్పాను. మూడు భాషల్లో.

నరే ఆ ముగ్గురిలో లేదు. పోలీసులు వెళ్ళేసరికి ఆ ఇంట్లోనూ లేదట. నాకు ఫోన్ రాలేదు.

జూన్ 21, శుక్రవారం

వదిలేసిన ఇద్దరిలో ఒకతె గ్వాక్. ఇవాళ నా దగ్గరికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎండలో, ఆరో ఎగ్జిట్ దగ్గర. చేతిలో మ్యాప్ లేదు, పక్కన పిల్ల లేదు. ఈసారి కోటుని కాదు, నన్నే చూసింది.

మా పిల్ల ఎక్కడ, అంది.

నరే ఆ రోజు సాయంత్రమే వెళ్ళిపోయిందట. ఏమీ తీసుకెళ్ళలేదట. తొమ్మిదేళ్ళు కూతురిలా చూసుకున్నాను, ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది, నీ దగ్గరే ఉందిగా, ఒక్కసారి చూపించు, అంది. దాని ఎడమ భుజం ఇంకా కిందికి వాలింది. ఏడుస్తోంది కూడా. నటనో నిజమో నాకు తెలియలేదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు.

నేను ఎర్ర టోపీ సర్దుకుని చెప్పాను. తను బాగుందమ్మా. తనంతట తానే వెళ్ళింది.

తలుపు లేదు కాబట్టి వెనక్కి తిరిగాను. అక్కడే నిలబడి ఉందని తెలుస్తూనే ఉంది. అమ్మ కూడా అలాగే నిలబడింది, కూరల డబ్బాతో. ఇదే నేను కోరుకున్నది, అచ్చంగా ఇదే. సాయంత్రం దాకా దారులు చెప్పాను. ఇంటికొచ్చి అన్నం వండుకుని కడుపునిండా తిన్నాను.

నరే ఎక్కడుందో నాకూ తెలీదు. గ్వాక్‌కి అది మాత్రం చెప్పలేదు.

జులై 9, మంగళవారం

వాన. ఒంటరిగా నడిచే ప్రతి ఆడపిల్ల గొడుగు కిందికీ వంగి చూస్తున్నాను. టూరిస్టులు భయపడుతున్నారు.

ఆగస్టు 22, గురువారం

కొత్త కాగితాలు వచ్చాయి. ఆ ముక్క ఆరో నంబర్ జాగ్రత్త.

సెప్టెంబర్ 17, మంగళవారం, ఛూసొక్, ఉదయం 8:40

అమ్మకి పెట్టడానికి అన్నీ వండి సర్దాను. ఫోన్ మోగింది. తెలియని నంబర్.

ఎక్కడున్నావే, అన్నాను.

అమ్మ బాగానే ఉందక్కా, అంది నరే. నీ మీద కోపంగా ఉంది. మాట్లాడదట.

పెట్టేసింది.

చారు చల్లారిపోయింది. అన్నం గిన్నె ఎటు పెట్టాలో ఇంకా తెలియలేదు.